తొమ్మిదో ప్రశ్న

ఇర్వింగ్, టెక్సస్
ఫిబ్రవరి 2, 2025

చంద్రికా,

నాన్న ఉత్తరాలన్నీ ‘ఇక్కడ మేమందరం క్షేమం’ అని మొదలయ్యేవి, ఇంట్లో ముగ్గురికి టైఫాయిడ్ ఉన్నా సరే. నాకు అంత ధైర్యం లేదు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకు. వీడియో కాల్ అసలు వద్దు. కోపం తెచ్చుకోకుండా కారణం చదువు.

నవంబర్‌లో నాలుకలో సగం తీసేసి, తొడ దగ్గర్నుంచి ముక్క తెచ్చి అతికించారు కదా. తర్వాత ఆరు వారాల రేడియేషన్. ఇప్పుడు నేను మాట్లాడితే నోట్లో గుడ్డలు కుక్కుకున్నవాడు మాట్లాడినట్టుంటుంది. మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో ‘ఏంటన్నయ్యా? మళ్ళీ చెప్పు’ అని పదకొండుసార్లు అన్నావు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పాతికేళ్ళు పనిచేసినవాడికి తప్పులు లెక్కపెట్టడం తప్ప ఇంకేం తెలుస్తుంది. పన్నెండోసారి మాత్రం అర్థమైనట్టు ‘ఊఁ, ఊఁ’ అన్నావు. నేను అడిగింది సాన్వి స్కూలు గురించి. దానికి ఊఁ ఏంటి? ఆ ఊఁ విన్నాక ఫోన్ కట్టేశాను.

మెసేజ్ పెట్టమంటావేమో. మెసేజ్‌కి నువ్వు దండం బొమ్మ, గుండె బొమ్మ పంపి ఊరుకుంటావు. కాగితం మీదైతే నాలుగు వాక్యాలు రాయక తప్పదు. కాబట్టి ఉత్తరాలు. మూడు నాలుగు రోజుల్లో అందుతాయి. మనిద్దరికీ తొందర పనులేం లేవు.

తిండి సంగతి అడిగావు. పొట్టలోకి ఒక ట్యూబుంది. రోజుకి ఆరు డబ్బాలు సిరంజితో పోసుకుంటాను. డబ్బా మీద వెనిల్లా రుచి అని రాశారు. నాలుక దాకా రాని తిండికి రుచి ఎందుకో ఆ కంపెనీవాళ్ళని అడగాలని ఉంది, కానీ అడిగితే వాళ్ళూ ‘ఏంటి, మళ్ళీ చెప్పండి’ అంటారు.

రేడియేషన్‌కి రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చింది కోటయ్యే. నాతో పాటు లాస్ కొలీనాస్ ఆఫీసులో పనిచేస్తాడు, పక్క బిల్డింగ్‌లో ఉంటాడు, నీకు తెలుసు. దార్లో ఒక్క మాటా అడగడు. అలాంటి మనిషి దొరకడం అదృష్టం.

గ్రీన్ కార్డ్‌కి మెడికల్ మళ్ళీ చేయించమని నోటీసు వచ్చింది. పదిహేడేళ్ళు ఆగి ఆగి, చూడు ఎప్పుడు అడిగారో.

బావగారికి, సాన్వికి నా ఆశీస్సులు.

మీ అన్నయ్య,
లక్ష్మీపతి


బెంటన్‌విల్, ఆర్కన్సా
ఫిబ్రవరి 8

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత బియ్యం కడిగి కుక్కర్ పెట్టి ఇది రాస్తున్నాను. ఊఁ కొట్టినందుకు క్షమించు. నిన్ను మళ్ళీ మళ్ళీ చెప్పించడం ఇష్టంలేకే అలా అన్నాను. సాన్వి స్కూలు బావుంది. దానికి పద్నాలుగు నిండాయి, ఇక్కడ ఆ వయసుకే కారు నేర్చుకోవడానికి లెర్నర్స్ పర్మిట్ ఇచ్చేస్తారట. నా గుండె ఏమైపోవాలి. నరసింహకి కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించారు, అది మాత్రం దేవుడి దయ.

ఇక్కడ అందరూ నీ గురించే అడుగుతున్నారు. లక్ష్మీపతి గారు ఫైటర్, ఆయనకేం కాదు అంటున్నారు. లక్ష్మీకాంతం ఆంటీ అయితే పసుపు, మిరియాలు కలిపిన పొడి ఒక సీసాడు పంపింది. ట్యూబులో పొయ్యొచ్చో లేదో తెలీక నా దగ్గరే ఉంచాను.

నీ హాస్పిటల్ ఆప్ సంగతి నువ్వు పట్టించుకోకు. పాస్‌వర్డ్ నా దగ్గరుంది కదా, ప్రతి అపాయింట్‌మెంట్‌కి ముందు వచ్చే ఫారాలు నేనే నింపేస్తున్నాను. మందులు, ఎలర్జీలు, ఇన్సూరెన్సు. చివర్లో ఒకటుంటుంది, తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర పట్టలేదా, దేనిమీదా ఆసక్తి లేదా, దిగులుగా ఉందా అని. అన్నిటికీ ‘అసలు లేదు’ అని నొక్కేస్తాను. మన వీసా ఫారాల్లో అడుగుతారు చూడు, ఎప్పుడైనా అరెస్టయ్యారా, టెర్రరిస్టులకి సాయం చేశారా, దొంగ నోట్లు ముద్రించారా అని. పేజీలకి పేజీలు నో, నో, నో. మా ముగ్గురివీ, నీవీ, పదిహేనేళ్ళుగా అన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. ఒక్కటీ తిరిగిరాలేదు. ఇది నాకు చెయ్యి తిరిగిన పని.

మెడికల్ నోటీసు వచ్చిందన్నావు, అందుకని ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏ కాగితంలోనూ ఏదీ తేడాగా పడకూడదు.

నిద్ర పడుతోందా? హాల్లో లైట్ వేసుకునే పడుకుంటున్నావని కోటయ్య గారు చెప్పారు. కరెంటు బిల్లు కోసం అడగడం లేదు.

నీ చెల్లి,
చంద్రిక


ఇర్వింగ్
ఫిబ్రవరి 20

చంద్రికా,

పసుపు పొడి ట్యూబులో పొయ్యకూడదు. లక్ష్మీకాంతం గారికి నా ధన్యవాదాలు చెప్పి, ఆ సీసా సాంబారులోకి వాడేసుకో.

గత శనివారం కోటయ్య కూతురి వోణీల ఫంక్షన్ అయింది. ఆ పిల్ల పుట్టినప్పుడే దీని ఫంక్షన్లన్నిటికీ మైక్ నాదేనని మాటిచ్చాను. పదేళ్ళుగా ఇర్వింగ్‌లో ఏ ఉగాదికైనా, ఏ దసరాకైనా మైక్ నా చేతిలో ఉండాల్సిందే కదా. నాలుగొందలమందిని నవ్వించేవాణ్ణి. ఈసారి ఒక డీజే కుర్రాణ్ణి పెట్టారు. తప్పు వాళ్ళది కాదు. నేను మూల టేబుల్ దగ్గర కూర్చున్నాను. నా ఎదురుగా ఎనిమిదిమంది పులావు తింటూ, నాకు చెవుడు కూడా వచ్చినట్టు గట్టిగా అరిచి పలకరించారు. ఒకావిడ పక్కావిడతో ‘గుట్కా తినేవారేమో పాపం’ అంది. నా జన్మలో వక్కపలుకు కూడా నమిలి ఎరగను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. వాళ్ళ పిల్లాడు నా జోళ్ళకేసి చూస్తూ ‘యూ ఆర్ ఎ ఫైటర్, అంకుల్’ అన్నాడు. ఎవరో చెప్పి పంపారు. కేక్ కోయకముందే వచ్చేశాను. ఎవరూ గమనించలేదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. పొద్దున్న లేవడానికి నాకు కారణం కనిపించడం లేదు. సుమతి విడాకులు తీసుకుని వెళ్ళిపోయినప్పుడు కూడా ఇలా లేదు, అప్పుడు కనీసం కోపం ఉండేది. ఇప్పుడు కోపమూ లేదు. స్నానానికి లేవాలంటే గంట పడుతుంది. నేనొక పని పూర్తయిపోయిన వస్తువునని అనిపిస్తుంది.

సోమవారం 24న డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఈసారి ఆ ఫారం నేనే నింపేశాను, నీకు శ్రమ వద్దు. తొమ్మిదో ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నోటితో చెప్పలేకపోతున్నవన్నీ ఒకవైపు, ఇది మాత్రం వేలితో చెప్పొచ్చు కదా అనిపించింది. చెప్పాక కాస్త తేలికైంది. సోమవారం ఎవరో ఒకరు అడుగుతారు.

కాఫీ ఫిల్టరు, పెసరట్ల పెనం, రోలు విడిగా పార్సిల్‌లో పంపుతున్నాను. నాకిక వాటితో పనిలేదు.

అన్నయ్య


బెంటన్‌విల్
ఫిబ్రవరి 27

అన్నయ్యకి,

పెనం చూడగానే నరసింహ మొహం వెలిగిపోయింది. నువ్వు ప్రాణంగా చూసుకునే పెనం, ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు, ఇప్పుడు అడక్కుండానే పంపావు. నిన్న పెసరట్లు వేశాను. నువ్వు వేసినట్టు అంచులు రాలేదు.

ఫంక్షన్ సంగతి చదివి ఆ గుట్కా ఆవిడ ఎవరో కనుక్కుందామనుకున్నాను. మనుషులు అంతే, మనసులో పెట్టుకోకు. రేడియేషన్ తర్వాత నీరసం ఉంటుందట, ఇంటర్నెట్‌లో చూశాను, మూడు నాలుగు నెలలకి అదే పోతుందట. పొద్దున్నే కాసేపు ఎండలో నడువు.

ఇంకోటి, తిట్టకుండా విను. నువ్వు ఫారం తొందర్లో నింపినట్టున్నావు. నేను శనివారం మామూలుగా ఆప్ తెరిస్తే అన్నీ తప్పులే. ఆ తొమ్మిదోది అసలు ఏమడుగుతోందో చదివావా? చనిపోతే మేలనిపిస్తోందా, నిన్ను నువ్వే గాయపరచుకోవాలనిపిస్తోందా అని. దానికి ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కేశావు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అదృష్టం బాగుండి అపాయింట్‌మెంట్ ముందురోజు దాకా మార్చుకోవచ్చట, అన్నీ సరిచేసేశాను. నీ ఉత్తరం వచ్చేసరికే అపాయింట్‌మెంట్ కూడా అయిపోయింది. ఇలాంటివి రికార్డులో పడితే రేపు గ్రీన్ కార్డ్ వాళ్ళు మెంటల్ అని రాసుకుంటే ఏంచేస్తాం? పదిహేడేళ్ళు కాచుకున్నది ఒక్క క్లిక్‌తో పోతుంది. ఇకమీదట ఫారాలు నాకొదిలెయ్.

స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి మార్చి 17న వస్తున్నాం. గోంగూర పట్టుకొస్తాను, వాసన చూద్దువుగాని.

నీ చెల్లి,
చంద్రిక


ఇర్వింగ్
మార్చి 11

చంద్రికా,

నువ్వు సరిచేసింది మంచిదే. డాక్టరు స్క్రీన్ చూసి ‘మూడ్ స్కోర్ సున్నా, అంటే దిగులే లేదు, నాకే ఇంత బాగుండదు’ అని బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేనూ ఎత్తాను. ఆరు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

ఈమధ్య మనసు చాలా కుదురుగా ఉంది. నిద్ర కూడా పడుతోంది. నువ్వేం దిగులు పెట్టుకోకు. ఇల్లంతా సర్దేశాను. బట్టలు గుడివాళ్ళకి ఇచ్చాను. ఒక పార్సిల్ పంపుతున్నాను, ఈ ఉత్తరంతో పాటే వస్తుంది. అందులో కాగితాలు, బ్యాంకు వివరాలు వరసగా పెట్టాను. నాకంటే నువ్వే బాగా చూసుకుంటావు.

17న రావద్దు. ఇంట్లో చిన్న రిపేరు పనులున్నాయి. 24 తర్వాత రండి.

చిన్నప్పుడు నీ సైకిల్ నేనే పాడుచేసి పక్కింటివాళ్ళ మీద చెప్పాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. సాన్వికి డ్రైవింగ్ నేర్పేటప్పుడు అరవకు, అరిస్తే నేర్చుకోదు. నువ్వు నన్ను బాగా చూసుకున్నావు. ఇందులో నీ లోటేం లేదు.

అన్నయ్య


బెంటన్‌విల్
మార్చి 15, శనివారం పొద్దున్న

అన్నయ్యకి,

పోస్ట్ ఇప్పుడే వచ్చింది. నీ ఉత్తరం ఎంత హాయిగా ఉందో. నిద్ర పడుతోందన్న ముక్క నరసింహకి రెండుసార్లు చదివి వినిపించాను. చూశారా, నీరసం దానంతటదే పోతుందని చెప్పలేదూ అన్నాను. డాక్టరు కూడా మెచ్చుకున్నాడంటే ఇంకేం కావాలి. ఆ సైకిల్ నువ్వే పాడుచేశావని నాకప్పుడే తెలుసు. అమ్మకి కూడా తెలుసు. నీ మొహంలో అబద్ధం ఎప్పుడూ దాగదు.

రిపేర్లంటే ఏంటి? వంటింట్లో ఆ కుళాయేనా? మేం 24కే వస్తాంలే, సాన్వి స్కూలు రెండ్రోజులు పోతే పోయింది. ఆప్‌లో ఏప్రిల్ ఫారం కూడా వచ్చింది, అది నేను

పార్సిల్ విప్పాను. కాగితాలంటే బ్యాంకువనుకున్నాను. ఇది నీ నీలం ఫోల్డరు. పాస్‌పోర్ట్ ఉంది. వీసా అప్రూవల్ నోటీసులు పదకొండూ ఉన్నాయి. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్.

నువ్వు ఒరిజినల్స్ పోస్టులో పంపావు.

అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం మోగినప్పుడు చొక్కా కూడా లేకుండా ఈ ఫోల్డరొక్కటే పట్టుకుని కిందికి దిగినవాడివి. లాయరు అడిగినా చేతికివ్వకుండా పక్కన కూర్చుని కాపీ తీయించుకొచ్చినవాడివి. పాస్‌పోర్ట్ లేకుండా ఈ దేశంలో ఒక్క రోజు ఉండవు నువ్వు. ఉండాలనుకున్నవాడెవడూ ఉండడు.

ఈ ఉత్తరం పోస్ట్ చెయ్యను. నరసింహ కారు తీస్తున్నాడు. నీ చేతికే ఇస్తాను. కోటయ్య గారికి ఫోన్ చేశాను, ఆయన నీ తలుపు దగ్గరికి వస్తున్నారు, తియ్యి అన్నయ్యా. తియ్యి.


ఇర్వింగ్
ఏప్రిల్ 5

చంద్రికా,

ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. హాస్పిటల్లో తొమ్మిది రోజులున్నాను. ఇంట్లో ఉంచకూడనివన్నీ బావగారు పట్టుకెళ్ళారని కోటయ్య చెప్పాడు. మంచిదే. ఆయన నాకు ముందు చెప్పి ఉంటే ఇంకా బావుండేది.

ఆ రోజు సంగతి నీకు సగమే తెలుసు. కోటయ్య తలుపు కొట్టి, లోపలికొచ్చి, సోఫాలో కూర్చుని టీవీలో క్రికెట్ పెట్టాడు. మీరొచ్చేదాకా ఆరు గంటలు అలాగే కూర్చున్నాడు. నాకు క్రికెట్ ఇష్టం లేదని అతనికి తెలుసు. ఒకసారి మాత్రం టీవీకేసి చూస్తూనే, ‘మీరు పోతే నాకు ఇర్వింగ్‌లో ఎవరున్నారండీ’ అన్నాడు. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వస్తోంది.

తర్వాత నువ్వొచ్చావు. చెప్పులు కూడా విప్పకుండా నా ఎదురుగా నేలమీద కూర్చుని, ‘చచ్చిపోవాలనుకుంటున్నావా’ అని అడిగావు. దార్లో ఓక్లహోమా దాటేదాకా 988 ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ వచ్చావని, నేరుగా అడగమని ఆవిడే చెప్పిందని బావగారు తర్వాత చెప్పారు. నేను మాటకి బదులు దగ్గర పెట్టుకునే పలకమీద అవును అని రాశాను. ఆ ఒక్క మాట ఎవరో ఒకరు అడుగుతారని నేను ఇరవై మూడు రోజులు ఎదురుచూశాను.

ఇక కోపం సంగతి. ఉందని నీకు తెలియాలి. ఆ ఫారం నింపడానికి నాకు గంట పట్టింది చంద్రికా. ఒక్కొక్క ప్రశ్నకీ ఆలోచించి, ఏది ఎన్ని రోజులో గుర్తుచేసుకుని నొక్కాను. పాతికేళ్ళు వేరేవాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు రాసిపెట్టినవాణ్ణి, నా తప్పు నేను మొదటిసారి రాసుకున్నాను. దాన్ని నువ్వు తుడిచేశావు. డాక్టరు బొటనవేలెత్తి సున్నా అన్నప్పుడు, ఇక నేనేం చెప్పినా ఎక్కడికీ చేరదని అర్థమైంది. చావాలని అంతకుముందు అనిపించేది. ఆ రోజు నిర్ణయించుకున్నాను. ఇది నీకు చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. చెప్పకపోతే ఆ సున్నాకీ నాకూ తేడా ఉండదు.

నీవల్ల బతికాను కూడా. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి కొట్టెయ్యడం లేదు.

ఆప్ పాస్‌వర్డ్ మార్చాను. రోజూ ‘ఎలా ఉన్నావు’ అని మెసేజ్ పెడుతున్నావు, అది ఆపెయ్. ఆ ప్రశ్నకి బావున్నా అనడం తప్ప మనవాళ్ళెవరికీ వేరే జవాబు తెలీదు.

అన్నయ్య


బెంటన్‌విల్
ఏప్రిల్ 12

అన్నయ్యకి,

నీ ఉత్తరం నాలుగు రోజుల నుంచి నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఎన్నిసార్లు జవాబు మొదలుపెట్టినా నా ఏడుపే వస్తోంది, నీకు నా ఏడుపు మొయ్యడం ఎందుకని చించేశాను. ఈసారి చింపను.

నువ్వు రాసింది నిజం. కానీ అంతకంటే చెడ్డ నిజం ఒకటుంది, అది నీకు తెలీదు.

నువ్వు తొందర్లో తప్పు నొక్కావని రాశాను కదా. అది అబద్ధం. ఆ శనివారం ఫారం తెరవగానే నాకు అర్థమైంది. తొందర్లో నొక్కినవాడు అన్నీ ఒకే వరసలో నొక్కుతాడు, నేను నొక్కినట్టు. నీ జవాబులు అలా లేవు. ఆకలి ప్రశ్నకి కొన్ని రోజులు, నిద్రకి సగంకంటే ఎక్కువ రోజులు, తొమ్మిదోదానికి దాదాపు ప్రతిరోజూ. ఆలోచించి నింపిన ఫారం ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? వంటింట్లో నిలబడి చదివాను. అప్పుడు నేను చేసిన పని ఏంటంటే, నాకు భయమేసిన దాన్ని కనపడకుండా చేశాను. గ్రీన్ కార్డ్ అన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. నిజానికి ఆ జవాబు అలాగే ఉంటే నేను నీకు ఫోన్ చెయ్యాలి, నువ్వు అవునంటే వినాలి. అది వినే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత రెండ్రోజులకి నీ ఉత్తరం వచ్చింది. లేవడానికి కారణం లేదని రాశావు. అప్పుడైనా హాస్పిటల్‌కి ఫోన్ చేసి ఉండొచ్చు. ఎండలో నడవమని రాశాను.

మొన్న లాయర్ని కూడా అడిగాను. డాక్టరు ఫారంలో నువ్వు నొక్కినవి ఇమిగ్రేషన్ వాళ్ళకి వెళ్ళవన్నాడు. డిప్రెషన్‌కి మందు వేసుకోవడం నేరమేం కాదమ్మా, నేనూ వేసుకుంటాను అన్నాడు. పదిహేనేళ్ళలో ఆ ఒక్క ప్రశ్న నేనెవర్నీ అడగలేదు. తెలుసుకోవాలనుకోలేదు.

నరసింహ ఏమన్నాడో చెప్పనా? ‘మీ అన్నయ్య ఒక్కణ్ణే కాదు, మనింట్లో నన్నూ అడగవు నువ్వు, కాంట్రాక్టు లేని ఆ ఐదు నెలలు ఎలా ఉన్నానో ఒక్కసారి కూడా అడగలేదు’ అన్నాడు. కూర కలుపుతూ అన్నాడు, కోపంగా కూడా అనలేదు. ఆ రోజు అతనితో రెండు గంటలు మాట్లాడాను.

నన్ను క్షమించగలవా అని అడగాలని ఉంది. అడుగుతున్నాను. జవాబు ఏదైనా పర్లేదు.

ఇంకోటి. ఎలా ఉన్నావు అని ఇక అడగను. రేపట్నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి అసలు ప్రశ్నే అడుగుతాను, ఇవాళ చచ్చిపోవాలనిపించిందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడేదాన్ని. పుట్టదని, దాచుకున్నవాళ్ళకి ఊపిరాడుతుందని హాస్పిటల్లో కలిసినప్పుడు నీ కౌన్సెలరే చెప్పింది. నువ్వు అవునో కాదో రాయి. అవునంటే కూడా నేను ఏమీ సర్దిచెప్పను, ఎండలో నడవమనను. నీతోనే ఉంటాను. మరీ ఎక్కువగా ఉందంటే కోటయ్య గారు వస్తారు, నేను బయల్దేరతాను. అంతే.

చంద్రిక


ఇర్వింగ్
మే 17

చంద్రికా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఐదు వారాలు పట్టింది. రోజూ ఆరింటికి జవాబు ఇస్తున్నాను కాబట్టి నువ్వు కంగారుపడలేదనుకుంటాను.

ముందు చెడ్డ వార్త. సోమవారం స్కాన్ చేశారు. ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. నాలుక దగ్గర్నుంచి వెళ్ళిందే. మందులున్నాయి, మొదలుపెడతారు, కానీ ఈసారి డాక్టరు నయమవుతుందన్న మాట వాడలేదు. ఏడాదో, రెండేళ్ళో, ఇంకాస్తో, తెలీదన్నాడు. ఆయన ఈసారి నలభై నిమిషాలు కూర్చున్నాడు. నా ఫారం ముందే చదివి వచ్చాడు. స్క్రీన్ పక్కకి తిప్పేసి నాకేసి చూసి మాట్లాడాడు.

ఆ మాట వినగానే నాకు భయమేసింది. ఇంటికొస్తుంటే కార్లో ఆ సంగతి తట్టింది. మార్చిలో ఇదే వార్త వచ్చి ఉంటే ఊరటగా ఉండేది. ఇప్పుడు భయమేసింది. ఇది కౌన్సెలర్‌కి టైప్ చేసి చూపిస్తే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మంగళవారం మంగళవారం వెళ్తున్నాను. నేను టైప్ చేస్తాను, ఆవిడ చదువుతుంది. ఏంటి, మళ్ళీ చెప్పండి అనాల్సిన అవసరం రాదు. డిప్రెషన్ మందు కూడా పనిచేస్తున్నట్టే ఉంది. స్నానానికి గంట పట్టడం లేదు. అన్నీ బాగైపోయాయని కాదు. నాలుక తిరిగిరాదు, మైక్ తిరిగిరాదు. నిన్న కోటయ్య ఇంట్లో సాంబారు మరుగుతుంటే ఆ వాసనకి గుమ్మంలోనే ఏడ్చాను. అతను పొయ్యి కట్టేసి, నాతో పాటు బయట మెట్లమీద కూర్చున్నాడు.

క్షమించగలవా అని అడిగావు. ఇంకా లేదు. క్షమించానని రాసెయ్యొచ్చు, నీకూ హాయిగా ఉంటుంది, కానీ అది నువ్వు నింపే ఫారం లాంటిదే అవుతుంది. నీకు తెలిసే చేశావన్నది చదివాక వారం రోజులు నీ మొహం తలుచుకోలేకపోయాను. అయినా ఆ సంగతి నువ్వు చెప్పకుండా ఉండొచ్చు. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. చెప్పావు. నేను దానికేసి కూడా చూస్తున్నాను. కొంచెం టైమివ్వు, ఉన్నంతలో.

మొన్న బుధవారం నేను అవును అన్నాను, గుర్తుందా. నువ్వు ‘సరే, ఉన్నాను’ అని మాత్రం రాశావు. తర్వాత గంటసేపు ఏమీ రాయకుండా ఆన్‌లైన్‌లోనే ఉన్నావు, పచ్చ చుక్క కనిపిస్తూనే ఉంది. నేను ఆ చుక్క చూస్తూ కూర్చున్నాను. గురువారం కాదు అన్నాను. అది నిజమే.

ఇప్పుడు ఆరూ పన్నెండైంది. ఇవాళ నువ్వింకా అడగలేదు. సాన్విని డ్రైవింగ్‌కి తీసుకెళ్ళి ఉంటావు, పర్లేదు, మెల్లగా రా. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అన్నయ్య